ఖాళీగా వదిలిన ఒక లైను

మనం అడిగే ప్రశ్న కూడా సమాచారమే. ఒక్కోసారి జవాబు కన్నా అదే ఎక్కువ సమాచారం. ఒకప్పుడు ఊళ్ళో ఫలానా సర్వే నంబరు ఎవరి పేరున ఉందో తెలియాలంటే కరణం దగ్గరికే వెళ్ళాలి. పుస్తకం ఆయన దగ్గరే ఉంటుంది, అందులో రాసింది చదవడం ఆయనకే వచ్చు. ఆయన పేజీలు తిరగేసి జవాబు చెప్పేలోపే ఆయనకి మన గురించి ఒక సంగతి తెలిసిపోయేది. వీడు ఆ పొలం మీద కన్నేశాడు, లేదా అన్నదమ్ముల మధ్య ఏదో రాజుకుంటోంది. 1984లో ఆంధ్రప్రదేశ్‌లో కరణాల వ్యవస్థ రద్దయింది. పుస్తకం చేతులు మారింది, ఆ తర్వాత కంప్యూటర్లోకి ఎక్కింది. అడిగినవాడు బయటపడటం మాత్రం మారలేదు.

బిట్‌కాయిన్ లెక్కల పుస్తకం ఏ ఒక్కరి దగ్గరా లేదు, కావాలనుకున్న అందరి దగ్గరా ఉంది. 2009 జనవరి 3 నాటి మొదటి బ్లాకు నుంచి ఇవాళ పొద్దున ఎవరో ఎవరికో పంపిన డబ్బు దాకా అన్నీ అందులో ఉంటాయి, పేర్లు తప్ప. కాకపోతే అది మెషీన్ చదువుకునే రూపంలో ఉంటుంది. దాన్ని మనిషి కంటికి ఆనేలా పేజీలుగా చూపించేదాన్ని ఎక్స్‌ప్లోరర్ అంటారు. చాలామంది ఏదో ఒక వెబ్‌సైట్ తెరిచి, అక్కడ అడ్రసో ట్రాన్సాక్షన్ ఐడీనో పేస్ట్ చేసి చూసుకుంటారు. పైసా ఖర్చు లేదు. కానీ అది మళ్ళీ కరణం ఇంటి అరుగే. ఎక్కడి నుంచి అడిగామో, ఎన్ని గంటలకి అడిగామో, అదే అడ్రస్ కోసం రోజుకి ఎన్నిసార్లు వచ్చి పోతున్నామో ఆ సైటు నడిపేవాళ్ళకి తెలుస్తుంది. వాళ్ళు అదంతా రాసిపెట్టుకుంటారని నేను అనడం లేదు. రాసిపెట్టుకోవడం లేదని మనం తెలుసుకునే దారి లేదు, అంతే.

అందుకని ఈ వేసవిలో సొంతంగా ఒక ఎక్స్‌ప్లోరర్ పెట్టుకున్నాను. నా దగ్గరున్న బిట్‌కాయిన్ మొత్తం అమ్మినా దానికోసం కొన్న ఎస్‌ఎస్‌డీ ఖరీదు రాదు, కాబట్టి దీన్ని పెట్టుబడి సలహాగా తీసుకోకండి. పాత లాప్‌టాప్‌కి రెండు టీబీల డిస్కు తగిలించి ముందు బిట్‌కాయిన్ కోర్ ఎక్కించాను. పుస్తకం మొత్తం కలిపి ఇప్పుడు 600 జీబీ దాటింది. చోటు చాలనివాళ్ళు పాత బ్లాకుల్ని పారేస్తూ పోయే ప్రూనింగ్ అనే పద్ధతి వాడుకోవచ్చు. కానీ ఏ లావాదేవీ ఎక్కడుందో చెప్పే సూచిక, టీఎక్స్ఇండెక్స్ అంటారు, అది కావాలంటే ప్రూనింగ్ కుదరదు. మొత్తం దింపుకోవాల్సిందే. మా ఇంట్లో అయిదు రోజులు పట్టింది. ఫ్యాను ఆగకుండా ఊదుతూనే ఉంది. అమ్మ వచ్చి చెయ్యి పెట్టి చూసి, "దీనికి జ్వరమొచ్చిందేమో చూడు" అంది.

ఆ అయిదు రోజులూ జరిగేది ఒట్టి డౌన్‌లోడ్ కాదు. మొదటి బ్లాకు నుంచి ప్రతి లెక్కా నా మెషీన్ మళ్ళీ వేసుకుంటుంది. లేని డబ్బు ఎవరైనా ఖర్చు పెట్టారా, ఒకే డబ్బు రెండుసార్లు ఖర్చయిందా, కొత్తగా పుట్టాల్సిన దానికంటే ఎక్కువ పుట్టిందా అని చూసుకుంటూ వస్తుంది. నమ్మొద్దు, సరిచూసుకో అనేది ఈ లోకంలో ఒక మంత్రం లాంటి మాట. టీషర్టుల మీద కూడా వేసుకుంటారు. నాకు ఆ మాట ఇష్టమేగానీ, దాంట్లో ఉన్నంత ధీమా సాఫ్ట్‌వేర్లో లేదు. బిట్‌కాయిన్ కోర్‌లో అస్యూమ్‌వ్యాలిడ్ అని ఒక సెట్టింగ్ ఉంటుంది. సాఫ్ట్‌వేర్ రాసినవాళ్ళు ఒక పాత బ్లాకు గుర్తుని అందులో పెట్టి ఇస్తారు. దానికంటే ముందున్న బ్లాకుల్లో సంతకాలు సరైనవేనని అనుకుని మెషీన్ వాటిని వదిలేస్తుంది, తక్కిన లెక్కలన్నీ చూస్తుంది. వద్దనుకుంటే సున్నా పెట్టి ప్రతి సంతకాన్నీ చూడమని చెప్పొచ్చు. ఇంకా ఎక్కువ రోజులు పడుతుంది. నేను ఉన్నదాన్ని ఉన్నట్టే వదిలేశాను. సున్నా పెట్టినా లాప్‌టాప్ చిప్పు తయారు చేసినవాళ్ళని, ఆపరేటింగ్ సిస్టమ్ రాసినవాళ్ళని నమ్మక తప్పదు కదా. నమ్మకం ఎక్కడ పెట్టాలో ఎంచుకోవడం దాకానే మన చేతిలో ఉంది.

పుస్తకం సరైనదే అయినా అందులో జరిగిందంతా ఉండదు. ఎక్స్‌ప్లోరర్ తెరవగానే నేను వెళ్ళి చూసిన వాటిలో ఒకటి 74638వ బ్లాకు. 2010 ఆగస్టు 15న కోడ్‌లో ఉన్న ఒక లోపం వల్ల ఆ నంబరు బ్లాకులో 18,400 కోట్లకు పైగా బిట్‌కాయిన్లు గాల్లోంచి పుట్టాయి. ఎప్పటికీ 2 కోట్ల 10 లక్షలు దాటకూడదన్నది నియమం. కొన్ని గంటల్లోనే దిద్దిన సాఫ్ట్‌వేర్ వచ్చింది, దాన్ని నడిపినవాళ్ళు ఆ బ్లాకుని ఒప్పుకోకుండా పక్కనుంచి ఇంకో వరస మొదలుపెట్టారు, అదే అసలు వరస అయింది. ఇవాళ నా డిస్కులో 74638 తెరిస్తే మామూలు బ్లాకే కనిపిస్తుంది. ఆ రాత్రి హడావుడి జాడ లేదు. ఎవరూ మార్చలేరని పేరుపడ్డ పుస్తకంలో చిరిగిపోయిన కాగితం గురించి తెలుసుకోవాలంటే, ఆ రోజు అక్కడున్న మనుషులు రాసుకున్నది చదవాలి.

ఇప్పుడు అసలు సంగతి.

నోడ్ మీద కూర్చోబెట్టడానికి నేను ఎంచుకున్నది బీటీసీ ఆర్‌పీసీ ఎక్స్‌ప్లోరర్. పెట్టుకోవడం తేలిక. బ్రౌజర్లో లోకల్‌హోస్ట్ 3002 కొడితే పేజీ వస్తుంది. బ్లాకు నంబరు ఇస్తే బ్లాకు, ట్రాన్సాక్షన్ ఐడీ ఇస్తే లావాదేవీ. అడ్రస్ ఇస్తే మాత్రం దాని చరిత్ర రాదు. ఎందుకంటే బిట్‌కాయిన్ కోర్ అడ్రస్‌ల వారీగా లెక్క రాసుకోదు. దానికి కావాల్సింది ఈ డబ్బు ఇంతకుముందు ఖర్చయిందా లేదా అన్నదే. ఎవరి దగ్గర మొత్తం ఎంతుంది అనే ప్రశ్న దానికి అక్కర్లేదు. నాకు ఈ సంగతి తెలిసినప్పుడు ముచ్చటేసింది. డబ్బు వ్యవస్థ నడవడానికి ఎవరి ఆస్తి ఎంతో తెలియాల్సిన పనే లేదన్నమాట. ఆ ప్రశ్న చూసేవాళ్ళది, పుస్తకానిది కాదు.

ఆ ప్రశ్న అడగాలనుకునేవాళ్ళ కోసం కాన్ఫిగరేషన్ ఫైల్లో అడ్రస్ ఏపీఐ అని ఒక లైను ఉంది. మొదట్లో ఖాళీగానే ఉంటుంది. అక్కడ బయటి కంపెనీల సర్వీస్ ఏదైనా రాయొచ్చు. అలా రాస్తే ఇంట్లో నోడ్ పెట్టుకుని కూడా ప్రతి అడ్రస్‌నీ తీసుకెళ్ళి బయటివాళ్ళకి అప్పజెప్పినట్టే. సొంత బావి తవ్వుకుని నీళ్ళు ట్యాంకరువాడి దగ్గర కొనుక్కోవడం. అలా కాదనుకుంటే ఎలక్ట్రస్ అనే ఇంకో ప్రోగ్రాం ఇంట్లోనే నడిపి, ఎక్స్‌ప్లోరర్‌ని దానికి కలపొచ్చు. అది పుస్తకమంతా ఇంకోసారి చదివి, అడ్రస్‌ల వారీగా సొంత సూచిక తయారు చేసుకుంటుంది. మరికొన్ని పదుల జీబీల చోటు, మరికొన్ని గంటలు. దాని తర్వాత ఏ అడ్రస్ ఇచ్చినా ఎంత వచ్చింది, ఎంత పోయింది, ఎంత మిగిలింది అన్నీ ఒకే పేజీలో.

ఆ లైను దగ్గర నేను ఆగాను. కారణం ఒక స్నేహితుడు.

వాడు ఇంట్లో కూర్చుని విదేశాల్లోని క్లయింట్లకి డిజైన్ పనులు చేసిపెడతాడు. వాళ్ళలో ఒకాయన డబ్బు బిట్‌కాయిన్లో పంపుతాడు. నిరుడు సంక్రాంతి ముందు వాడు నా దగ్గర అరవై వేలు తీసుకున్నాడు. వచ్చే నెల అన్నాడు. ఆ వచ్చే నెల ఇంకా వస్తూనే ఉంది. నేను అడగలేదు, వాడూ ఎత్తలేదు. మొన్న మేలో వాళ్ళ ఊరినుంచి మెసేజ్ పెట్టాడు: "అరేయ్, ఇక్కడ నెట్ సరిగ్గా లేదు. క్లయింట్ పంపానంటున్నాడు. పడ్డాయో లేదో చూసి చెప్తావా?" కింద ఒక అడ్రస్. దాని కింద ఇంకో మెసేజ్: "మూడేళ్ళ నుంచి ఇదే వాడుతున్నా, కన్ఫ్యూజన్ లేదు."

బిట్‌కాయిన్ గురించి కాస్త తెలిసినవాళ్ళకి ఈ రెండో మెసేజ్ ఎలా వినిపిస్తుందో చెప్పాలి. సతోషి నకమోతో 2008లో రాసిన పత్రంలోనే ఒక జాగ్రత్త ఉంది. పుస్తకం అందరికీ తెరిచే ఉంటుంది కాబట్టి, అడ్రస్‌లకీ పేర్లకీ లంకె దొరక్కుండా చూసుకోవాలి, ప్రతి లావాదేవీకీ కొత్త తాళంచెవుల జత వాడాలి అని. మావాడు మూడేళ్ళుగా ఒకటే అడ్రస్ వాడుతున్నాడు. అంటే ఆ ఒక్క పేజీలో వాడి మూడేళ్ళ సంపాదన, ఖర్చు, మిగులు. పేరు లేని పేజీ అది, లోకానికి అర్థం కాదు. పేరు నాకు తెలుసు.

ఇక్కడే నాకు మొదటి విషయం తట్టింది. సొంత ఎక్స్‌ప్లోరర్ నా గోప్యత కోసం అనుకుని మొదలుపెట్టాను. నిజానికి అది వాడి కోసం కూడా. ఆ అడ్రస్‌ని నేను ఏదో సైట్‌లో పేస్ట్ చేస్తే బయటపడేది నా కుతూహలం ఒక్కటే కాదు. హైదరాబాదులో ఫలానా కనెక్షన్ ఉన్న మనిషికీ ఈ అడ్రస్‌కీ ఏదో సంబంధం ఉందన్న సంగతి కూడా అక్కడ పడుతుంది. అది చిన్న పీలికే. కానీ ఇలాంటి పీలికలు కుట్టుకుంటూ పోయే పరిశోధనలు ఉన్నాయి. 2013లో సారా మైకల్‌జాన్, ఆమె సహచరులు తామే వందలకొద్దీ లావాదేవీలు చేసి, అవతలివాళ్ళ అడ్రస్‌లు తెలుసుకుని, వాటి చుట్టూ పెద్ద పెద్ద గుంపులకి పేర్లు పెట్టగలిగారు. తాళం గట్టిదే, పగలగొట్టక్కర్లేదు. ఒక్క పేరు దొరికితే చాలు. వాడు నమ్మి నాకిచ్చింది ఆ ఒక్క పేరే.

రెండో విషయం అంత సుఖంగా లేదు. బయటివాళ్ళకి తెలియకుండా చూసే వీలు చేసుకున్నాక, చూసేవాణ్ణి ఎవరూ చూడరు. ప్లేటో 'రిపబ్లిక్' రెండో భాగంలో గ్లౌకాన్ ఒక ఉంగరం కథ చెప్తాడు. లిడియా దేశపు గొర్రెలకాపరికి ఉంగరం దొరుకుతుంది, రాయిని అరచేతి వైపుకి తిప్పితే మనిషి మాయం. వాడు దాంతో రాణిని వశం చేసుకుని, రాజుని చంపి, రాజ్యం ఎక్కుతాడు. ఈ ఉంగరం దొరికితే మంచివాడూ చెడ్డవాడూ ఒకే పని చేస్తారని గ్లౌకాన్ వాదన. నా ఉంగరం ఇంకా చిన్నది. నేను ఎవర్నీ చంపను, ఏదీ పట్టుకుపోను. ఊరికే చూస్తాను. వాడి రూపాయి తగ్గదు, వాడికి తెలియదు, ఎవరికీ తెలియదు. మరి ఇందులో తప్పేముంది?

దీన్ని ఇంకో మిత్రుడి దగ్గర ఎత్తితే నవ్వాడు. "పబ్లిక్ చెయిన్‌రా బాబూ అది! వాడే అడ్రస్ ఇచ్చి చూడమన్నాడు. నువ్వేమో ధర్మసందేహాలు." తీసిపారేయాల్సిన మాట కాదు. అందరూ చూడగలిగేలా కట్టిందే కదా ఈ పుస్తకం, చిత్రగుప్తుడి చిట్టాలాగా ఒక్కడి చేతిలో ఉండకూడదనే కదా. కానీ నాకు మన పెళ్ళిళ్ళలో చదివింపులు గుర్తొస్తాయి. నూట పదహార్లు, వెయ్యి నూట పదహార్లు, ఎవరెంతిచ్చారో గట్టిగా చదివి, నోటుబుక్కులో రాస్తారు. రహస్యమేమీ లేదు, పందిరంతా వింటుంది. రేపు వాళ్ళింట్లో పెళ్ళయితే మనం ఎంత పెట్టాలో చూసుకోవడానికి ఆ పుస్తకం. అదే పుస్తకాన్ని పదిహేనేళ్ళవి పోగేసి, ఫలానా బాబాయి ఏ సంవత్సరం నుంచి తక్కువ పెడుతున్నాడో, ఆయన వ్యాపారం ఎప్పుడు దెబ్బతిందో లెక్కగట్టామనుకోండి. ప్రతి అంకె మైకులో వినిపించిందే. అయినా ఆ పని చేసేవాడి గురించి మన ఇళ్ళలో ఏమనుకుంటారో మీకు తెలుసు. హెలెన్ నిస్సెన్‌బామ్ అనే తత్వవేత్త గోప్యత అంటే దాచిపెట్టడం కాదనీ, ఏ సందర్భంలో ఇచ్చిన సమాచారం ఆ సందర్భపు మర్యాదలతోనే కదలాలనీ వాదిస్తుంది. చదివింపుల పుస్తకం చూసినవాళ్ళకి ఆ వాదన కొత్తగా అనిపించదు.

చెప్పుకున్నవాళ్ళ సంగతి వేరు. 2010 మే 22న లాస్లో హానీయెట్జ్ రెండు పిజ్జాలకి 10,000 బిట్‌కాయిన్లు ఇచ్చాడు. ఆ లావాదేవీని నేను నా ఎక్స్‌ప్లోరర్లో తెరిచి చాలాసేపు చూశాను, ఏ మొహమాటమూ అనిపించలేదు. ఆయన తనంతట తానే లోకానికి చెప్పుకున్నాడు. పన్ను శాఖ చూడటమూ వేరు. మన దేశంలో 2022 నుంచి క్రిప్టో లాభాల మీద 30 శాతం పన్ను ఉంది, వాళ్ళు లెక్క అడిగితే నోటీసు వస్తుంది, జవాబు చెప్పుకునే వీలుంటుంది. నేను రాత్రి పదకొండింటికి లాప్‌టాప్ ముందు కూర్చుని చూసేదానికి నోటీసు లేదు. వాడు జవాబు చెప్పుకునే చోటూ లేదు.

నన్ను ఆపింది బహుశా ఇదే. ఆ పేజీ తెరిచానే అనుకుందాం. డబ్బు బాగానే ఉందనుకుందాం. అప్పుడు వాడు నాకు అబద్ధాలకోరు అవుతాడు, తను ఆ మాట అనిపించుకున్నట్టు తనకే తెలియకుండా. ఉన్న డబ్బు వాళ్ళ నాన్న ఆపరేషన్‌కి పక్కన పెట్టిందేమో, చెల్లెలి ఫీజేమో ఆ పేజీ చెప్పదు. ఎంత వచ్చిందో, ఎంత పోయిందో చెప్తుంది, ఎందుకో చెప్పదు. ఖాళీగా ఉందనుకుందాం. అప్పుడు నాకు ఊరట. వాడు నిజమే చెప్పాడని. స్నేహితుడి జేబు ఖాళీ అని తేలితే ఊరటపడే మనిషిగా నన్ను నేను ఊహించుకున్నాను, నచ్చలేదు. రెండిట్లో ఏది జరిగినా, వాడు తర్వాత నాతో మాట్లాడేది ఒక మనిషితో అనుకుని, వినేది ఇంకో మనిషి. "వచ్చే నెల ఇస్తానురా" అని వాడు అన్నప్పుడు అది మాట. నేను లెక్క చూసొచ్చి వింటే అది సరిచూడాల్సిన స్టేట్‌మెంట్. నమ్మొద్దు, సరిచూసుకో అన్నది ముక్కూ మొహం తెలియనివాళ్ళ మధ్య డబ్బు నడవడానికి కనిపెట్టిన సూత్రం. అక్కడ అది గొప్ప సూత్రమే. మావాడు ముక్కూ మొహం తెలియనివాడు కాదు.

అందుకని వాడికి రాశాను: "అడ్రస్ వద్దు. క్లయింట్ని అడిగి ట్రాన్సాక్షన్ ఐడీ పంపు."

"అడ్రస్ ఇచ్చాక అదెందుకురా, చాదస్తం" అన్నాడు. మర్నాడు పంపాడు. ఐడీతో వెతికితే ఆ ఒక్క లావాదేవీ వచ్చింది. మావాడికి రావాల్సింది వచ్చింది, ఆరు కన్ఫర్మేషన్లు కూడా దాటాయి. పక్కన ఇంకో లైను, బహుశా ఆ క్లయింట్‌కి తిరిగొచ్చిన చిల్లర. అయిదొందల నోటు చింపి ఇవ్వలేం కదా, బిట్‌కాయిన్లోనూ అంతే, నోటు మొత్తం ఇచ్చి చిల్లర తీసుకోవాలి. ఎక్కడో ఉన్న ఆ మనిషి చిల్లర ఎంతో నాకు తెలిసిపోయింది. ఎంత జాగ్రత్తగా అడిగినా కొంత కళ్ళబడుతుంది. ఆయన పేరు నాకు తెలియదు కాబట్టి ఆ అంకె నా దగ్గర ఒట్టి అంకెగానే ఉంది.

ఇదంతా విని, అడ్రస్ సూచికే పెట్టుకోకపోతే గొడవ వదిలిపోతుంది కదా అనొచ్చు. పోదు. నా ఫోన్‌లో ఉన్న చిన్న వాలెట్ ఇన్నాళ్ళూ ఎవరిదో సర్వర్‌ని అడిగి నా బ్యాలెన్స్ చూపించేది. అంటే నా అడ్రస్‌లన్నీ కలిపి ఆ ఎవరికో చెప్పేది. అది మానిపించాలంటే ఎలక్ట్రస్ ఇంట్లో ఉండాల్సిందే. నా గుట్టు కాపాడుకోవడానికి ఏ సూచిక కావాలో, లోకంలో ఎవరి గుట్టయినా విప్పడానికి అదే సూచిక చాలు. నా అడ్రస్‌లకి మాత్రమే పనిచేసే ఎలక్ట్రస్ ఉండదు. ఎలక్ట్రస్ పెట్టాను. వాలెట్‌ని దానికి కలిపాను. ఎక్స్‌ప్లోరర్ ఫైల్లో ఆ లైను మాత్రం ఖాళీగానే వదిలేశాను.

అది తాళం కాదని నాకు తెలుసు. ఫైల్ తెరిచి ఒక పదం రాసి, ప్రోగ్రాం మళ్ళీ మొదలుపెడితే రెండు నిమిషాల పని. అసలు ఎలక్ట్రస్ లేకపోయినా బిట్‌కాయిన్ కోర్‌లోనే స్కాన్‌టీఎక్స్అవుట్‌సెట్ అని ఒక కమాండ్ ఉంది. అడ్రస్ ఇస్తే కొన్ని నిమిషాలు వెతికి, ప్రస్తుతం ఎంత మిగిలుందో చెప్తుంది. అది నాకు నోటికొచ్చు. పొలం చుట్టూ వేసే ముళ్ళకంప దొంగని ఆపదు, దారిన పోతూ పరధ్యానంగా అడుగేసేవాణ్ణి ఆపుతుంది. నాకు భయం నాలో దొంగ గురించి కాదు. రాత్రి నిద్రపట్టక, ఏమీ తోచక, ఊరికే వెతుకుతూ కూర్చునేవాడి గురించి. వాడికి రెండు నిమిషాల అడ్డం చాలు అనుకుంటున్నాను.

అరవై వేలు ఇంకా రాలేదు. వాడు వచ్చే నెల హైదరాబాద్ వస్తున్నాడు, మా ఇంట్లోనే దిగుతాడు. అడగాల్సింది ఉంటే అప్పుడు ఎదురుగా కూర్చోబెట్టి అడుగుతాను. నేను అడిగానని వాడికి తెలుస్తుంది.